నన్ను హవ్వా కూతురా అని పిలవొద్దు

గిర్గా దగ్గర మా పల్లె,
ఖర్జూరాల కోత మొదలైన వారం

ప్రియమైన మామయ్య కూతురికి,

ఉత్తరానికి మొదట "ప్రియమైన" అని రాయాలని పెద్దవాళ్ళ చదువుల క్లాసులో ఇక్రామ్ పంతులమ్మ నేర్పింది, అందుకే రాశాను. అంతకుమించి నువ్వేమీ అనుకోవద్దు. మూలమీద కొట్లో ఫోనుంది. కానీ నీ గొంతు వింటే నాకు గుండెదడ వస్తుంది. నీ పేరు కూడా రాయను. ఆ పేరు మా మేకకి పెట్టుకున్నాను. అది పిండి తట్ట తన్నినప్పుడల్లా, ఆరేసిన బట్ట నమిలినప్పుడల్లా పేరు పెట్టి మరీ తిడుతున్నాను. మా ఆయన పోతే చావింట్లో ఇచ్చే ఇంత చేదు కాఫీ తాగి వెళ్ళడానికైనా రానిదానికి అంతకంటే మర్యాద ఏం చెయ్యను?

సంగతేమిటంటే, పక్కింటి బఖీత్ వాళ్ళమ్మ పోయింది. మట్టి ఇచ్చాక షేక్ గారు సమాధి దగ్గర కూర్చుని, దేవదూతలు వచ్చి ప్రశ్నలడిగితే ఏం చెప్పాలో పోయినవాళ్ళకి చెబుతారు కదా. దానికి తల్లి పేరుతోనే కదా పిలవాలి. "మీ అమ్మమ్మ పేరేమిట్రా?" అని ఆయన అడిగితే బఖీతూ వాడి తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. "సరేలే, హవ్వా కూతురా అనేస్తాను, లోకంలో మొదటి తల్లి, అందరం ఆవిడ పిల్లలమేగా" అని షేక్ గారు పని కానిచ్చేశారట. మా అబ్బాయి షాజ్లీ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మట్టిలో ఎంతమంది పడుకుని లేరు! హవ్వా కూతురా అంటే ఎంతమంది లేచి కూర్చుంటారు? పిలిచింది నన్నేనని నాకెలా తెలుస్తుంది? పలక్కపోతే దేవదూతలు ఊరుకుంటారా?

అదే వారం పంతులమ్మ మా అందర్నీ వంశవృక్షం గీసుకు రమ్మంది. "నీతో మొదలుపెట్టు పిన్నీ, మెల్లగా పైకి వెళ్ళు. తెలియనిది ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు" అంది. నాన్న వైపు ఏడు తరాల తాతల్ని గడగడా రాసేశాను. అమ్మ గడి ఖాళీగా ఉంది. మా ఇంట్లో ఆమెని "పోయినావిడ" అనేవాళ్ళు, అంతే. పేరెరిగిన ఆడవాళ్ళంతా పోయారు. మిగిలింది నువ్వొక్కదానివి. ఆమె నీకు మేనత్త. నేను చంటిదాన్నిగా ఉండగా ఆమె పోతే మీ అమ్మ పాలు తాగి బతికాను. ఆ పాల మీద ఒట్టు పెట్టి అడుగుతున్నాను, పేరు రాసి పంపు. కవరు గట్టిగా అంటించు. తల్లి పేరు ఎవరికైనా దొరికిందంటే చేతబడి చేసేవాళ్ళకి ఇంకేం అక్కర్లేదు. ఈ ఉత్తరం తెస్తున్న లారీవాడు గుడ్డిగా తోలతాడు, అది నీకు చేరుతుందో లేదో అనే బెంగ ఒకటి.

నీ మీద కోపం తగ్గని
నబవియ్య


సూయజ్

ప్రియమైన వదినగారికి,

ఉత్తరం చేరింది. లారీవాడు క్షేమం, నీ బెంగే వాడికంటే ముందొచ్చింది.

పరామర్శకి రాలేదంటావు. మీ ఆయన పోయిన రోజున మా ఆయన ఇక్కడ ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని ఉన్నాడు. "ఎందుకు రాలేదే?" అని ఒక్కసారి నోరు తెరిచి అడిగావా? లేదు. మేకని కొని నా పేరు పెట్టావు. నీ ఊరి నుంచి వచ్చే ప్రతివాడూ ఆ కబురు నాకు మోసుకొస్తాడు. "మీ పేరుగలావిడ పాలు బాగా ఇస్తోందండీ" అని మా సబ్రీ పెళ్ళిలో నలుగురి ముందు అన్నాడొకడు. నా కోడలు పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వింది.

ఇప్పుడు తల్లి పేరు కావాల్సి వచ్చిందా? పాల మీద ఒట్టు ఇప్పుడు గుర్తొచ్చిందా? నేను చెప్పను. అంత కావాలంటే పోయి నీ మేకని అడుగు.

సబ్రీ తల్లి


గిర్గా

ప్రియమైన మామయ్య కూతురికి,

నీ సాయం అక్కర్లేదు. నాకు దొరికింది.

నా పెళ్ళప్పుడు నాన్న సర్కారు వాళ్ళ దగ్గర నాకు వయసు కాగితం చేయించాడు. అప్పట్నుంచీ అది రేకుపెట్టె అడుగున, పెళ్ళి గాజుల కింద ఉంది. ఇన్నాళ్ళూ చదవడం రాక దాని మొహం చూడలేదు. నిన్న తీసి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. తల్లి పేరు జైనబ్! ఎంత మంచి పేరు! వంశవృక్షంలో రాసేశాను, రెండుసార్లు దిద్దాను కూడా. "రాత్రి దీపం పెట్టకుండా నిద్రపోయావా అమ్మా?" అన్నాడు షాజ్లీ. ఎన్నేళ్ళకో అంత బాగా నిద్రపట్టింది.

ఒక్కటే దిగులు. పంతులమ్మ కాగితం చూసి "ఒక్క కాగితాన్నే నమ్మకు పిన్నీ, ఇంకొక చోట కూడా చూడు" అంది. ఆ పిల్లకి అన్నీ అనుమానాలే. నువ్వు మాత్రం నీ రహస్యం నీ దగ్గరే ఉంచుకుని ఊరగాయ పెట్టుకో.

జైనబ్ కూతురు
నబవియ్య


సూయజ్

వదినా,

జైనబ్ అట! నీ ఉత్తరం చదివి నాకు దగ్గు తెర వచ్చింది.

మీ నాన్న పరాయి మగాడి ముందు తన ఇంటి ఆడదాని పేరు చెప్పే మనిషా? సర్కారు బల్ల ముందు నిలబెట్టి తల్లి పేరేమిటని అడిగితే ఆయనకి చెమటలు పట్టేవి. నోటికొచ్చింది చెప్పేవాడు. నీ సవతి తమ్ముడి కాగితం తీసి చూడు. అందులో వాడి తల్లి పేరేముంది? మీ సవతి తల్లి తఫీదా అని వాడకట్టు ఆడాళ్ళందరికీ తెలుసు. సర్కారు లెక్కలో ఆవిడా జైనబే అయ్యుంటుంది.

నువ్వు పడుకున్నది జైనబ్ ఒళ్ళో కాదు, మీ నాన్న సిగ్గు ఒళ్ళో.

సబ్రీ తల్లి


గిర్గా,
చలి మొదలైంది

ప్రియమైన మామయ్య కూతురికి,

తమ్ముడి కాగితం చూశాను. జైనబ్ అనే ఉంది. మా నాయనమ్మ చావు కాగితం కూడా చూపించాడు, అందులో తల్లి గడిలోనూ జైనబే. గడిలో రాసింది చెరిపేశాను, అక్కడ కాగితం చిరిగింది.

అమ్మ పుట్టినూరికి వెళ్ళాను. బస్సు కాలవలో పడుతుందేమోనని దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నాను. అక్కడ ఒక ముసలాయన ఉన్నాడు, చూపు పోయింది, జ్ఞాపకం మాత్రం గట్టిది. "ఎరగకపోవడమేమిటమ్మా, నీళ్ళ కుండ ఎత్తుకుని పాట పాడుకుంటూ పోయేది. ఎడం కాలు కాస్త ఈడ్చేది" అన్నాడు. పేరు చెప్పు తాతా అంటే మొహం ఎర్రగా చేశాడు. "ఒకరింటి ఆడకూతురి పేరు నా నోట పలకమంటావా? ఎవరు కన్నారు నిన్ను?" అన్నాడు. అదే కదా తాతా నేనూ అడుగుతున్నది, అందామనుకున్నాను. సమాధుల దగ్గరికీ పోయాను. మగవాళ్ళకి రాళ్ళున్నాయి. ఆడవాళ్ళకి ఇటుక ముక్కైనా లేదు.

వచ్చినప్పట్నుంచీ గుండెల్లో బరువు. అసియూత్ పెద్దాసుపత్రిలో కోసి చూడాలన్నారు. షాజ్లీ "ఏం కాదమ్మా" అంటున్నాడు. మత్తు మందిస్తారట. అందులోంచి తిరిగి రాకపోతే? షేక్ గారు వాడిని కూడా అడుగుతారు. వాడూ తమ్ముళ్ళ మొహం చూస్తాడు. నేను ఆ మట్టిలో చెవిటిదానిలా పడుంటాను.

బతిమాలుతున్నానని అనుకోకు. ఊరికే సంగతులు రాశానంతే.

నబవియ్య


సూయజ్

వదినా,

నిన్ను క్షమించలేదు. ముందు అది రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

మీ అమ్మ పోయిన వారంలోనే నేను పుట్టాను. మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు ఆవిడ. ఏడో రోజున జల్లెడలో నన్ను పడుకోబెట్టి ఊపుతూ పేరు పెట్టమంటే ఆయనకి ఇంకో పేరు నోట రాలేదట. ఆవిడ పేరే పెట్టాడు. ఇంట్లో పోయినవాళ్ళ పేరు తర్వాత పుట్టినవాళ్ళకి పెట్టడం నీకు తెలియనిదా? పై గళ్ళే వెతుక్కుంటూ పోయావు గాని పక్క గడి చూడలేదు.

మా అమ్మ ఒక పక్క నిన్నూ ఒక పక్క నన్నూ వేసుకుని పాలిచ్చేది. నన్ను ఎవరు పేరు పెట్టి పిలిచినా నువ్వు రొమ్ము వదిలేసి గుమ్మం వైపు చూసేదానివట, మీ అమ్మే వచ్చిందని. చూసి చూసి ఇక మెడ వాల్చేదానివట. అది భరించలేక మా నాన్న, నువ్వు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ నన్ను ఆ పేరుతో పిలవొద్దని ఒట్టు పెట్టించాడు. నన్ను "పాపా" అనేవాళ్ళు. నువ్వు మీ నాన్నింటికి వెళ్ళాకే నా పేరు నాకొచ్చింది. తర్వాత ఒకసారి మా అమ్మ నీకు చెబుదామని వస్తే మీ సవతి తల్లి వాకిట్లోంచే పంపేసింది.

మేకకి ఆ పేరు పెట్టావని విన్న రోజు నేను చాలాసేపు నవ్వాను. తిట్టుకో, బాగా తిట్టుకో అనుకున్నాను. నువ్వు తిడుతున్నది మీ అమ్మ పేరునేనని తెలిసీ ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. మనం ఒకే పాలు తాగాం కదా, బుద్ధులు వేరుగా ఎందుకుంటాయి?

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, రేపు అక్కడ ఎవరైనా జైనబ్ కూతురా అని పిలిస్తే భయంతో పలికేసేలా ఉన్నావు. పలక్కు. కవరు గట్టిగా అంటించాను.

వహీబా


గిర్గా,
ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు

ప్రియమైన వహీబా,

ఈసారి పంతులమ్మ చెప్పిందని రాయలేదు.

నీ ఉత్తరం చదివిన పొద్దున మేక మళ్ళీ పిండి తట్ట తన్నేసింది. తిట్టడానికి నోరు తెరిచాను. పేరు నాలుక మీదికొచ్చి ఆగిపోయింది. ఎన్నెన్ని అన్నాను వహీబా! పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడి ఎంతెంత మాటలన్నాను! ఆవిడ వింటూ ఉందేమో. పిల్ల నన్ను పేరు పెట్టి పిలుస్తోంది అనుకుని గుమ్మం దాకా వచ్చి, తర్వాతి మాట విని వెనక్కి పోయేదేమో. ఇది తలుచుకుంటే ఆసుపత్రి కోతకంటే ఎక్కువ భయం వేస్తోంది.

తర్వాత మెల్లగా పిలిచాను. అది గడ్డి వదిలేసి నా దగ్గరికొచ్చింది.

"పేరు మార్చేద్దాం అత్తా, పాపం కదా" అంది కోడలు. వద్దన్నాను. ఆ పేరు ఒక్కసారైనా పైకి వినబడే ఇల్లు ఈ ఊళ్ళో ఇదొక్కటే. ఇకమీద తిట్టేటప్పుడు మాత్రం "ఒసేయ్" అంటాను.

షాజ్లీని కూర్చోబెట్టి, సమాధి దగ్గర అమ్మమ్మ పేరు ఏమని చెబుతావో చెప్పమన్నాను. "అమ్మా, వీధిలో మగవాళ్ళున్నారే" అని గొణిగాడు. గట్టిగా అనమన్నాను. అన్నాడు. బఖీత్ గోడమీంచి తొంగి చూశాడు. వాడికి కూడా వినబడేలా మళ్ళీ అనిపించాను. చేతబడి చేసేవాడు ఎవడైనా వింటే విననీ. ఈ కవరు నేను అంటించడం లేదు.

మీ ఆయన సంగతి ఆనాడు అడగలేదు నిజమే. అడగనంత మాత్రాన కబురైనా పంపకూడదా నువ్వు? ఆ కోపం అలాగే ఉంది. రావాలంటే అసియూత్ రా, పోట్లాడుకుందాం. నేను బతికుంటే కాఫీలో పంచదార వేయిస్తాను. లేకపోతే చేదుదే తాగు, కానీ ఈసారి రా.

వహీబా కూతురు
నబవియ్య