పోయిండంటే

మియాపూర్,
3 జులై 1998

ప్రియమైన భార్గవీ,

కర్నూల్లో పిల్లలకు బయోస్టాటిస్టిక్స్ నూరిపోస్తూ నన్ను మరిచిపోయావా? మాదాపూర్‌లో కొత్త టవర్లు కట్టే కూలీల పిల్లలకు విరేచనాలు తగ్గడానికి మా ఆస్పత్రి తరఫున చుక్కల మందు ఇస్తున్నామని చెప్పాను కదా. మా చిన్న స్టడీ ముగిసింది. సగం మందికి చుక్కలు, సగం మందికి మామూలు ఉప్పు-చక్కెర నీళ్ళు. చుక్కలు తాగినవాళ్ళకు విరేచనాలు ఇట్టే ఆగాయి. అడిగినవాళ్ళకు ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాం. ఇక జిల్లా అంతటా వేల మందికి ఇవ్వడానికి నిధులు అడుగుతున్నాను. ప్రపోజల్ తయారు. ఫలితం నమ్మాలంటే ఎంతమంది పిల్లలు కావాలో లెక్కగట్టి రెండు లైన్లు రాసిస్తే చాలు, నీ పేరూ చేరుస్తాను. నెలాఖరులోగా పంపాలి. కాగితాలు జత చేశాను.

నిన్న సైట్ దగ్గర ఇటుకలు మోస్తూ అచ్చం ఓబులమ్మలాంటి మనిషి కనిపించింది. ఓబులమ్మ బిడ్డ మా స్టడీలో ఉండేవాడు, మధ్యలో వెళ్ళిపోయారు. పోలిక అయ్యుంటుంది. కానీ నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు ఇంటిదాకా నా వెంట వచ్చింది.

నీ జయంతి


కర్నూలు,
9 జులై

జయా,

ఇల్లు కట్టి రంగులు కూడా వేశాక మేస్త్రీని పిలిచి, పునాది ఎంత లోతు తీయాలని అడుగుతున్నావు. మొదటి రోజే పిలవాల్సింది. సరే, తిట్టడం అయింది.

కాగితాలు చూశాను. మధ్యలో వెళ్ళిపోయిన పిల్లలు దాదాపు అందరూ చుక్కలు తాగినవాళ్ళే. ఎందుకు? అందరి తల్లిదండ్రులదీ ఒకే సైట్, ఒకే కూలి. పని వెతుక్కుంటూ వెళ్తే చుక్కలవాళ్ళూ, ఉప్పు-చక్కెర నీళ్ళవాళ్ళూ సమానంగా వెళ్ళాలి కదా. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో తెలియకుండా నేను సంఖ్య వేయను. నాకు భయంగా ఉందే.

నీ భార్గవి


మియాపూర్,
14 జులై

భార్గవీ,

నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. వెళ్ళిపోయారంటే వెళ్ళిపోయారే! గుడిసెలు తిరిగే మా పెంటయ్య వచ్చి "పిల్లగాడు పోయిండు మేడం" అనేవాడు, నేను రిజిస్టర్లో 'వెళ్ళిపోయారు' అని ఎక్కించేదాన్ని. నేను కాకినాడ నుంచి మన హాస్టల్‌కు వచ్చిన కొత్తలో ఆయా "పెద్దసారు పోయిండు" అంటే నేను గొల్లుమనడం, ఆయన టీ తాగడానికి వెళ్ళాడని తెలిసి హాస్టలంతా పడీపడీ నవ్వడం మరిచావా? ఇక్కడ పోవడమంటే వెళ్ళడమేనని నేర్పింది నువ్వే.

ఆ మనిషి మళ్ళీ కనిపించింది. ఈసారి ముఖం తిప్పుకుంది. త్వరగా లెక్క పంపు, నాకు నిద్ర పట్టడం లేదు.

జయంతి


కర్నూలు,
18 జులై

జయా,

మేం వెళ్ళడాన్నీ పోవడమే అంటాం, చనిపోవడాన్నీ పోవడమే అంటాం. రెండోది నీకు తెలిసిందే కదా అని నేర్పలేదు. నీకు కనిపించేది ఓబులమ్మే అయితే, తల్లి అక్కడే ఉండగా నెలల బిడ్డ ఒక్కడే ఎక్కడికి వెళ్తాడు? ఆమె దగ్గరికి వెళ్ళు. "ఏ ఊరికి?" అని అడుగు. అడిగేదాకా ఇంకే బిడ్డ నోట్లోనూ చుక్క వేయకండి.

భార్గవి


మియాపూర్,
23 జులై

ప్రియమైన భార్గవీ,

వెళ్ళాను. ఓబులమ్మే. తట్ట దించి నిలబడింది. "బాబు ఏ ఊరికి వెళ్ళాడమ్మా?" అని అడిగాను. నా మాట అర్థం కానట్టు చూసింది.

"ఊరేంది మేడమ్మా? చుక్కలు పోసినాక ఇరేచనాలు నిలిచిపాయె. కడుపుబ్బి ఊపిరాడక పోయినాడు. మీ పెంటయ్యకు ఆ పొద్దే చెప్తి. మందిచ్చిన తల్లివి కదా, పలకరించేదానికి ఒక్కసారన్నా వస్తావని చూస్తి."

మందు ఆపేశాను. సీసాలన్నీ వెనక్కి తెప్పించాను. జరిగింది ఆస్పత్రి కమిటీకి రాసిచ్చాను. ప్రపోజల్ పంపలేదు. నువ్వు అడగకపోతే ఇదే మందు వేల మందికి పోసేదాన్ని, భార్గవీ.

రేపటి నుంచి, నేను 'వెళ్ళిపోయారు' అని రాసిన మిగిలిన పిల్లల గుడిసెలకు వెళ్ళాలి. వాళ్ళెవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ నేను ఆ గుమ్మాల ముందు నుంచే కారులో పోతున్నాను. పలకరించడానికి ఒక్కదాన్నే వెళ్ళలేను. వచ్చేయవే.

నీ జయ