దించమన్న చెయ్యి

బావమరిదికి,

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కంపెనీ వార్తల్లో నువ్వు మాత్రం, బరువులకు బెల్టులు కట్టే మన మేస్త్రీ కళ్ళు మూసుకుని పనిచేసి చచ్చాడని రాశావు. బెల్టు చివికిందని వాడు నీతో మొత్తుకోవడం నేను విన్నాను.

క్రేన్ డ్రైవర్లు నిలవడం లేదని, "బావా, పాతకాపువి, నువ్వే ఎక్కు" అన్నావు. నిన్న ఎక్కాను. కింద, ఎప్పుడూ నిలబడే చోటే మేస్త్రీ ఉన్నాడు. నేను బరువెత్తిన ప్రతిసారీ పిడికిలి చూపించి ఆపాడు. నువ్వు ఫోన్ మాట్లాడుకుంటూ బరువు కిందికి వచ్చినప్పుడు మాత్రం పిడికిలి విప్పి, దించమని సైగ చేశాడు.

నేను దించలేదు. ఇన్నేళ్ళలో వాడి సైగ కాదన్నది అదొక్కసారే. డ్రైవరన్నవాడు మేస్త్రీ చెయ్యే చూడాలని నాకు నేర్పింది మీ నాన్న.

మీ అక్క మొహం చూసి రాస్తున్నాను. రేపూ నేనే ఎక్కుతాను. నువ్వు యార్డులోకి రాకు.

మీ బావ