గని గట్టున కొట్టిన టెంకాయ

అక్క మాబున్నికి, కువైట్ నుంచి తమ్ముడు దస్తగిరి సలాములు. అల్లా దయవల్ల నేను బాగున్నాను. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చిలమకూరు ఫ్యాక్టరీలో బావకు రాత్రి డ్యూటీలు తప్పాయా? నా గురించి దిగులొద్దు. వేళకు తింటున్నాను.

నువ్వు అడిగినదానికి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. గది నిండా మనుషులు. నా గదిలో ఉండే పులివెందుల రాజన్న సెలవు మీద ఊరికొస్తున్నాడు, ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ దుమ్ము గాలి మొదలైంది. మనిషి ఎదుట నిలబడ్డా కనపడడు. పక్షుల అంగడిలో నా పని మారలేదు. పంజరాలు కడగడం, మేత వేయడం, చచ్చినవాటిని సంచిలో వేసి బయట పారేయడం. రాజన్న ఎగతాళి చేస్తుంటాడు. "ఏమప్పా దస్తగిరీ, ఊర్లో పిట్టల ఎంట తిరిగినావు, ఈడికొచ్చి వాటి పెంట ఎత్తుతాండావు. శానా పెద్ద సదువే సదివినావు" అంటాడు. నవ్వుతాను. ఖుబ్బూస్ రొట్టె తిని తిని నాలుక చచ్చిపోయింది. రాజన్న తిరిగొచ్చేటప్పుడు కాస్త చెనిక్కాయల పొడి పంపు.

గూబల పనికి నాకు గ్రాంటు ఇప్పించిన నగరం సారే ఇప్పుడు నీకూ ఇప్పిస్తానన్నాడని చెప్పావు. మీ బడి పిల్లలకు అడవి జీవాల గురించి చెప్పడానికట. నువ్వు ఈమధ్య చూసిన గూబల జంట ఎక్కడుందో రాసిమ్మన్నాడట. రాసియ్యనా అని అడిగావు. జరిగిందంతా నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు.

జమ్మలమడుగు బయట ఆ పాడుబడిన నాపరాయి గని నీకు తెలుసు. గ్రాంటంటే పెద్దదేమీ కాదు. బండికి పెట్రోలు, బళ్ళలో చూపడానికి బొమ్మలు, ఒక పాత దుర్భిణి. అయినా ఆ ఏడాది నాకంటే సుఖపడినవాడు లేడు. గని గోడ అరుగు మీద గూబ గుడ్లు పెట్టింది, రెండు పిల్లలయ్యాయి. గూబ కాపురమున్న గనిలో గడ్డపార వేస్తే మనిషి పోతాడని కూలీలు దిగేవాళ్ళు కాదు. ఓనరు అందుకే దాన్ని వదిలేశాడు. నేనేమో ఊరూరా తిరిగి ఆ భయం ఉత్తదని చెప్పాను. బడి పిల్లలు నమ్మారు, పెద్దవాళ్ళు సగం నమ్మారు.

గ్రాంటు ముగిసే రోజు సారు నగరం నుంచి వచ్చాడు. గని గట్టునే సభ పెట్టి టెంకాయ కొట్టి ఫోటో తీయాలన్నాడు. మన వైపు గని గట్టున టెంకాయ కొడితే పని మొదలైనట్టే, పుట్టిన పిల్లకు కూడా తెలుసు. "సార్, ఈడ టెంకాయ వద్దు సార్, కొడితే గని తెరిసినట్టే" అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. "దస్తగిరీ, నీకు ఇబ్బందిగా ఉంటే కాసేపు పక్కన నిలబడు. అందరి నమ్మకాలనూ గౌరవించాలి కదా" అన్నాడు. గండి ఆంజనేయస్వామి ప్రసాదమని పక్కింటివాళ్ళు ఇచ్చిన టెంకాయ ముక్కలు తింటూ పెరిగినవాణ్ణి అక్కా నేను. మళ్ళీ చెప్పబోయేలోపే కొట్టేశాడు.

వారం తిరక్కుండా గనిలోకి రాయి తొలిచే కంప్రెసరు దిగింది. పరుగెత్తుకుంటూ పోయాను. ఓనరు కోపం కూడా పడలేదు. "మీ సారే టెంకాయ కొట్న్యాడు గదప్పా. గూబతో దోషం లేదని ఊరంతా సెప్పింది నువ్వే. ఇంగ మాకు భయమేంది?" అన్నాడు. గనిలోకి దిగి రాళ్ళు తీసి వెతికాను. ఒక గూబపిల్ల రాళ్ళ కింద చచ్చి దొరికింది. ఇంకోటి దొరకనే లేదు. పెద్దవి రెండూ కొన్నాళ్ళు అవతలి గట్టు మీద కూసి ఎటో పోయాయి.

సారు రిపోర్టులో ఆ టెంకాయ ఫోటో వేసి, ప్రజల్లో మూఢనమ్మకం తొలగిందని రాశాడు. గూబపిల్లల సంగతి కూడా రాయండి అని ఫోన్ చేశాను. "చిన్న గ్రాంటయ్యా ఇది, దీనికింత గొడవ దేనికి?" అన్నాడు. మళ్ళీ నన్ను పిలవలేదు. ఆ గని పక్కనుంచి పోవడం నావల్ల కాక వీసాకు కాగితాలిచ్చాను. అందరికీ సంపాదన కోసమని చెప్పాను.

గ్రాంటు తీసుకో అక్కా. పిల్లలకు నక్కల గురించి, ఉడుముల గురించి, పాముల గురించి చెప్పు. గూబ అపశకునమా అని అడిగితే కాదనే చెప్పు, వాళ్ళకు అబద్ధం చెప్పొద్దు. కానీ ఆ జంట చోటు ఎవరికీ చెప్పొద్దు. దానికోసం గ్రాంటు పోతే పోనీ.

మొన్న మా అంగడి యజమాని, మీ ఊళ్ళో పెద్ద గూబలు దొరుకుతాయా, తెప్పిస్తే జీతం పెంచుతాను అన్నాడు. లేవని చెప్పాను. వెంటనే చెప్పలేదు అక్కా, కాసేపు ఆలోచించి చెప్పాను. అదే నన్ను తినేస్తోంది.

అమ్మకు, బావకు నా సలాములు. పిల్లలకు ముద్దులు. నమాజులో నా పేరు తలుచుకుని దువా చెయ్యి. గూబలు బాగున్నాయని అప్పుడప్పుడు ఒక మాట రాయి, చాలు. అవి ఎక్కడున్నాయో మాత్రం నాకు కూడా రాయొద్దు.

నీ తమ్ముడు,
దస్తగిరి