వెండిబండి వెనక చప్పుడు

మార్చి 3, సాయంత్రం

ఇవాళ పళ్ల డాక్టరు ఎర్ర బండి తీసుకొచ్చాడు. నా వెండిరంగు కారుకి, అదే మా వెండిబండికి, అది తోబుట్టువు. అదే మోడల్, అదే ఏడు, రెండే సీట్లు, సీట్ల వెనకే ఇంజన్. పుట్టుకతో వచ్చిన జబ్బు కూడా రెండింటికీ ఒకటే. లోపల చెయిన్లు తిప్పే షాఫ్టు చివర నిమ్మకాయంత బేరింగ్ ఒకటి ఉంటుంది. చేసినవాళ్లు దాన్ని సీలు వేసి మూసేశారు. ఇరవై నాలుగేళ్లకి సీలు అరిగి గ్రీజు కారిపోతుంది. ఆ బేరింగ్ విరిగిందా, చెయిన్ జారి, వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుని, ఇంజన్ మొత్తం తుక్కు.

పద్నాలుగో తారీఖున భార్యతో కలిసి ఆరువందల కిలోమీటర్లు కొండదారిలో వెళ్తున్నాడట. గురూగారూ, ముందే కొత్తరకం సిరామిక్ బేరింగ్ వేయించుకోమంటారా అని అడిగాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. బ్రహ్మాండంగా ఉంది, హాయిగా వెళ్లిరండి అన్నాను. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊళ్లో సగం ఇంజన్లకి నాడి చూసిన చెవి ఇది. 

మార్చి 5

మా ఆవిణ్ణి కూచోబెట్టుకుని వెండిబండి ఓ రౌండు తిప్పాను. ఏమండీ, వెనక దోమ ముసిరినట్టు ఏదో సన్నగా కీ అంటోంది అంది. దోమే అయ్యుంటుంది అన్నాను. మరి మీరు బండి ఆపితే దోమ కూడా ఆగిందేం అంది. 

రిటైరైన టీచరు కదా. పరీక్ష హాల్లో చివరి బెంచీ గుసగుసలు పట్టుకున్న చెవులు. అయితే మాత్రం, ఇంజన్ సంగతి నాకే చెబుతుందా!

మార్చి 6, ఉదయం

విన్నాను. ఏమీ లేదు.

మార్చి 6, సాయంత్రం

మళ్లీ విన్నాను. లేదంటే లేదు.

మార్చి 7

ఆవిడ నోరు మూయించాలనే ఆయిల్ ఫిల్టర్ విప్పాను. ఇది ఒప్పుకోవాలి. బ్లేడుతో లోపలి కాగితం మడతలు కోసి, బల్ల మీద పరిచి, రావమ్మా టీచరమ్మా, నువ్వే చూసుకో అని పిలిచాను. కళ్లజోడు సవరించుకుని వంగింది. ఇవేమిటండీ, తళుక్కు తళుక్కుమంటున్నాయి అంది. 

అయస్కాంతం తిప్పాను. ఎగిరొచ్చి అంటుకున్నాయి. ఉక్కు పొడి. లోపల బేరింగ్ అరుగుతోందన్నమాట.

చూశారా, నేను చెప్పలేదూ అని ఒక్క ముక్క అనలేదు మహాతల్లి. అనుంటే బాగుండేది, కాసేపు తగువేసుకునేవాణ్ణి.

మార్చి 9

రెండ్రోజుల పని. గేర్‌బాక్స్ దించాను, క్లచ్ విప్పాను, ఫ్లైవీల్ తీశాను, చెయిన్లు జారకుండా లాక్ చేసి పుల్లర్‌తో బేరింగ్ లాగాను. నడుం విరిగింది.

బేరింగ్ చేతిలో పట్టుకుని తిప్పితే వేళ్లకి గరగర తగిలింది, ఇసుక నలిగినట్టు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. వేళ్లకి తెలుస్తోంది, చెవికి తెలీడం లేదు. రెండో చెవి మార్చాను. ఇంకా జోరుగా తిప్పాను. అప్పుడు గుమ్మంలోంచి ఆవిడ, అబ్బబ్బ, ఆపండీ, పళ్లు జివ్వుమంటున్నాయి అంది.

గుమ్మం నాకు పన్నెండడుగుల దూరం. 

తిప్పడం ఆపేశాను. ఆవిడకీ అర్థమైపోయింది. టీ చల్లారిపోతోంది తీసుకోండి అని మాత్రం అంది. రెండు గుక్కలు తాగానో లేదో, ఏడుపొచ్చేసింది. అరవై రెండేళ్ల వాణ్ణి, స్పానర్ల మధ్య చతికిలబడి ఏడ్చాను. ఊళ్లో ఇంకో పది వర్క్‌షాపులున్నాయి, వాళ్ల దగ్గర కంప్యూటర్లున్నాయి. నా దగ్గరికి జనం వచ్చేది ఈ చెవి కోసమే. ఇదీ పోతే ఇంక నేనెవర్ని? ఆవిడ కిందనే కూచుని నా తల ఒళ్లోకి తీసుకుంది. గ్రీజు అంటుతుందే అంటే అంటనీండి అంది.

మార్చి 10

పళ్ల డాక్టరు. శనివారం ప్రయాణం. నేనే పొమ్మన్నాను.

మార్చి 11

చెప్పాలా? ఎర్ర బండి నిజంగానే బాగుండొచ్చు. నాది చెడితే ఆయనదీ చెడాలని ఎక్కడుంది? అయినా ఫోన్ చేసి ఏమనాలి, అయ్యా నాకు చెవులు వినబడవు అనా? సాయంత్రానికల్లా ఊరంతా టాంటాం అయిపోతుంది. రేపట్నుంచి షాపులో ఈగలు తోలుకోవాలి. ఏం చెయ్యమంటావని ఆవిణ్ణి అడిగితే మీ ఇష్టం అంది. ఆవిడ మీ ఇష్టం అందంటే దానర్థమేమిటో ముప్పై నాలుగేళ్లుగా నాకు తెలుసు.

నాలుగుసార్లు ఫోన్ తీసి పెట్టేశాను. కొండ మలుపులో ఇంజన్ పట్టేసి వెనక చక్రాలు బిగుసుకుపోతే? పక్కన ఆయన భార్య. ఐదోసారి చేసేశాను.

డాక్టరుగారూ, బయల్దేరకండి, ఆ రోజు బండి బాగుందన్నది నా పొగరు, నాకు సన్నటి చప్పుళ్లు వినబడటం లేదని మొన్ననే తెలిసింది అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను. హోటల్ బుక్ చేశామండీ, మా ఆవిడ సెలవు కూడా పెట్టేసింది, ఆ ముక్క ముందే చూసుకోవద్దా అన్నాడు. కోపంగానే అన్నాడు. పడాల్సిందే. చివరికి, బండి ట్రక్కు మీద పంపిస్తాను, మీరే విప్పి చూడండి అన్నాడు.

మార్చి 14

ఎర్ర బండి బేరింగ్ తీశాను. వేళ్ల మీద వెన్నలా తిరిగింది. ఆవిడ చెవి దగ్గర పెట్టి తిప్పాను. ఉహూఁ, ఏమీ లేదు అంది. కొత్తదానికీ దీనికీ తేడా లేదు. ఈపాటికి కొండల్లో ఉండాల్సిన మొగుడూ పెళ్లాలు నా షాపు బెంచీ మీద కూచుని ఎదురుచూస్తున్నారు.

రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. నా చెడిపోయిన బేరింగ్ బల్ల మీదే, చేతికందే దూరంలో ఉంది. అది చూపించి, చూశారా ఎంత గండం గడిచిందో అంటే సరిపోయేది. పొగడ్తలు కూడా దక్కేవి. చెయ్యి దానిదాకా వెళ్లింది కూడా.

వాళ్ల బేరింగే ఇచ్చాను. ఇది మీది, నిక్షేపంలా ఉంది, మీ ప్రయాణం నేనే చెడగొట్టాను అన్నాను. డాక్టరు భార్య దాన్ని వేలితో తిప్పి చూసి, అయితే మొదట మీరు చెప్పిందే కరెక్టు కదండీ అంది. కరెక్టు కాదమ్మా, గుడ్డిదెబ్బ అన్నాను. డాక్టరు నా మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, నవ్వేశాడు. ఎలాగూ విప్పారు కదా, సిరామిక్‌ది వేసెయ్యండి, పనిలో పని ఆ క్లచ్ కూడా మార్చెయ్యండి అన్నాడు. ఎలాగూ విప్పాం కదా! ఇన్నేళ్లూ ఆ మాటతో కస్టమర్లకి బిల్లు పెంచింది నేను. 

పైనెల మళ్లీ తెస్తాను, ఓసారి వినిపెట్టండి అన్నాడు వెళ్తూ వెళ్తూ. ఇకమీదట వినేది ఈవిడ, నేను విప్పేవాణ్ణి మాత్రమే అన్నాను. ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసి, నేను ఒప్పుకున్నట్టు మీకెవరు చెప్పారు అంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

మార్చి 17

చెవుల డాక్టరు నా వినికిడి పరీక్ష చేసి గీసిన గీత, సన్నటి చప్పుళ్ల వైపు మెట్లు దిగినట్టుంది. చెవికి మెషీన్ పెట్టుకోవాలట. ఆవిడ రంగు కూడా సెలెక్ట్ చేసేసింది. నన్నడగలేదు.

మార్చి 19, ఉదయం

వెండిబండికి కొత్త బేరింగ్ బిగించి స్టార్ట్ చేశాను. ఆవిడ వెనక వంగి, చెవి ఆనించి, చాలాసేపు విన్నది. నాకేమీ వినబడటం లేదండీ అంది. నాకూ అంతే అన్నాను.

పెళ్లయ్యాక ఇద్దరం ఒకే మాట మీద ఉండటం ఇదే మొదటిసారి.