ఇంగ్లీషులో తీసేసిన కుట్లు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గుణదల మేరీమాత చర్చిలో నీ పేరున పూజ పెట్టించి, అటునుంచటే డ్యూటీకి వెళ్లాను. నువ్వు నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే నీ పుత్రరత్నం డిశ్చార్జి కాగితాలు ఇంగ్లీషులో టైపు చేసే మహోన్నత పదవిని అలంకరించి ఉన్నాడని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఆ పదవి పరువు ఇవాళ గంగలో కలిపాను. పామర్రు నుంచి ఒక పెద్దాయన వాచిన కాలుతో వచ్చారు. ఎప్పుడో తీయించుకోవాల్సిన కుట్లు పిక్క మీద అలాగే ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఎందుకు ఉంచుకున్నారండీ?" అని సిస్టర్ కేకలేసింది.

"దారాలు నాకు కనబడతానే ఉన్నాయమ్మా. మా ఊరి డాక్టరు మీ కాగితం చదివి, సూచర్స్ అంటే కుట్లేనంట, అవి తీసేశారని ఇంగ్లీషులో రాసుందన్నాడు. ఇంగ్లీషులో రాశాక ఇంక నేనేమంటాను?"

అది నా ఇంగ్లీషే. తర్వాత వచ్చి తీయించుకోమని రాయాల్సింది. బద్ధకం కొద్దీ ఇంకో పేషెంటు కాగితం కాపీ కొట్టి, పేరొక్కటే మార్చాను. అతని కుట్లు తీసేసిన వాక్యం ఈయన కాగితంలోకీ వచ్చేసింది.

నువ్వు కుట్లు తీస్తే నొప్పే తెలియదనేవారు. ఇవి కండలో పాతుకుపోయాయి. సిస్టర్ ఒక్కో దారం లాగుతుంటే ఆయన పళ్లు బిగబట్టారు. నాకు ఒక్క జోకూ నోటికి రాలేదు. చివరికి, "రాసింది నేనేనండీ" అన్నాను.

ఆయన తిట్టలేదు. "పోన్లే బాబూ, చిన్నోడివి. మీ అమ్మగారేం చేస్తారు?" అన్నారు.

నర్సని చెప్పలేకపోయానమ్మా. ఇంట్లోనే ఉంటుందండీ అన్నాను.