రెండూ ఎడమ చేతులే

మాస్టారికి,

అక్క ఇంటికి క్షేమంగా చేరాను. నాలుగు రోజులుండి వస్తానని మీతో చెప్పింది అబద్ధం. కోపంతో వచ్చాను, అది ఇంకా దిగలేదు.

ఆరేళ్ళ కిందట మీ కుడిచెయ్యి వణకడం మొదలైంది. గుడ్డ మీద సుద్దగీత సరిగ్గా పడక మీరు తల పట్టుకుంటే, మన టైలరింగ్ కొట్లో బల్ల దగ్గరికి నేనొచ్చాను. కొలతలు మీరు చెప్పేవారు, కటింగ్ నేను చేసేదాన్ని. మెట్ల మీద చప్పుడైతే చాలు, బల్ల మీకు వదిలేసి మూలనున్న బొత్తాల డబ్బా ముందు కూర్చునేదాన్ని. మీ పరువు పోకూడదని నా అంతట నేనే చేశాను. మీరు అడగలేదు, ఒప్పుకుంటాను.

మొన్న ప్రిన్సిపాలు గారు కొత్త కోటు తొడుక్కుని అద్దంలో మురిసిపోతూ, "ఈవిడ కూడా పని చేస్తారా మాస్టారూ?" అన్నారు. మీరేమన్నారు? "ఏదో బొత్తాలు కుడుతుందండి. కటింగంటే ఆడవాళ్ళ వల్ల ఎక్కడవుతుంది?" ఇద్దరూ నవ్వారు. ఆయన రెండో కోటుకి గుడ్డ కూడా ఇచ్చి వెళ్ళారు. భుజాల దగ్గర ముడత లేకుండా కూర్చున్న ఆ మొదటి కోటు నేను కత్తిరించింది. మీ వణుకుని నేను దాచితే, మీరు నన్నే దాచేశారు. పైగా అదే నిజమని మీరే నమ్మేస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కటింగ్ నాదని నలుగురిలో చెప్పిన రోజున కబురు చేయండి, వస్తాను.

మీ ఇంటిది

చిట్టికి,

నీ కోపం న్యాయమే. ఆ రోజు ప్రిన్సిపాలు గారు మెచ్చుకుంటుంటే ఆ మెప్పు వదులుకోబుద్ధి కాలేదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

నువ్వడిగిన పని నిన్న చేసేశాను. ప్రిన్సిపాలు గారు రెండో కోటు కోసం వస్తే, ఇంకో ఇద్దరు ఉండగానే, "మా కొట్లో కటింగంతా మా ఆవిడదేనండీ" అన్నాను. ఆయన మీ అక్క అడ్రసు కూడా తీసుకున్నారు. ఇక పట్టుదల చాలించి వచ్చెయ్యి. అన్నం సహించడం లేదు.

మీ ఆయన

మాస్టారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. సంచి కూడా సర్దుకున్నాను. "ఇంత తొందరగా కరిగిపోయావేమే" అని అక్క ఆటపట్టించింది. చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో ప్రిన్సిపాలు గారు నిలబడ్డారు, రెండో కోటు పట్టుకుని.

"ఇది చూడమ్మా" అన్నారు. చూశాను. రెండూ ఎడమ చేతులే. కాగితం నమూనా తిరగెయ్యకుండా రెండుసార్లూ ఒకే వైపు పెట్టి కత్తిరిస్తే అలా వస్తుంది. "కటింగంతా మీదేనట కదా. మీ పొరపాటుకి మాస్టారు ఎంత నొచ్చుకున్నారో పాపం" అన్నారు.

ఆరేళ్ళుగా బాగా కుదిరినవన్నీ మీవి. ఒక్కటి చెడేసరికి నలుగురి ముందు నేను గుర్తొచ్చానా? నేను కోరిన మాటే, అక్షరం పొల్లుపోకుండా అన్నారు. దానికే నాకు ఇంకా మండిపోతోంది.

నేనిక్కడికొచ్చి పన్నెండు రోజులైందని ఆయనకు చెప్పాను. మొదటి కోటు నాదని, ఇది నాది కాదని చెప్పాను. "మరి ఎవరు కత్తిరించారమ్మా?" అన్నారు. మీ చేతి సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఆయన్నే అడగండి" అన్నాను. అలా ఆపుకున్నందుకు మీ మీదకంటే నా మీదే నాకు ఎక్కువ కోపంగా ఉంది.

సంచి విప్పేశాను. అక్క వాళ్ళ ముందుగదిలో బల్ల వేయించుకుంటున్నాను. పెద్ద కత్తెర పంపించండి. మీకు ఇక దాంతో పని లేదు.

ఇట్లు,
కటింగ్ మాస్టరు