వీధంతటికీ మన ఇంటి ఫోనే

బెంగళూరు,
ఆదివారం పొద్దున్న.

నాగమణక్కకి,

తమ్ముడు సూరిబాబు దణ్ణం పెట్టి రాస్తున్నాడు. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వు, బావ, జ్యోతి ఒంట్లో బాగానే ఉన్నారని అనుకుంటున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? వల లాగేటప్పుడు ఆ కాలి మీద బరువు వెయ్యొద్దని చెప్పు. వినడనుకో, అయినా చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఇక్కడ నాలుగు వారాల నుంచీ ముసురు. ఉతికిన బట్ట ఆరదు. హోటలు సాంబారులో బెల్లం వేస్తారు, మొదట్లో కడుపులో తిప్పేది, ఇప్పుడు అలవాటైపోయింది. నువ్వు పంపిన ఎండు మెత్తళ్ళు రూములో వేయించుకుంటే ఇంటి ఓనరు ముక్కు మూసుకుని మూడంతస్తులూ దిగొచ్చాడు. ఇంకోసారి ఆ కంపు వస్తే ఖాళీ చెయ్యాలన్నాడు. అందుకని ఇకమీదట ఎండుచేపలు పంపకు. కాస్త గోంగూర పచ్చడి ఉంటే చాలు. వేళకి తింటున్నాను, నిద్రపోతున్నాను. బెంగ పెట్టుకోకు.

అక్కా, ఇక్కడి నుంచి మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువుకో. నా ఉత్తరాలు అరుగు మీద కూర్చుని వీధంతా వినేలా చదువుతావని నాకు తెలుసు. ఫోన్లో చెబుదామంటే, మన ఫోను మోగిందంటే చాలు, సగం వీధి వచ్చి నీ పక్కన నిలబడుతుంది. అసలు సంగతి ఇది. ఎనిమిది నెలల నుంచీ నేను పంపుతున్నాననుకుని నువ్వు అందుకుంటున్న పార్సిళ్ళు నేను పంపినవి కావు. ఒక్కటి కూడా కాదు.

నా పనేంటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా కంపెనీ ఇంటర్నెట్‌లో బహుమతులు అమ్ముతుంది. కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసుకునే మన వైపు ఆడవాళ్ళు సెలవు రోజున అక్కడ ఒక కొట్టుకి వెళ్ళి, కంప్యూటర్లో బొమ్మలు చూసి, ఇక్కడున్న పిల్లలకి గౌనో బ్యాగో పంపమంటారు. ఆ కొట్టు కంప్యూటరు మా కంప్యూటరుతో మాట్లాడాలి. అందుకొక వెబ్ సర్వీసు ఉంటుంది. పోస్టాఫీసు కిటికీ అనుకో. లోపలికి ఎవర్నీ రానివ్వరు, బయటి నుంచి చీటీ అందించాలి. ఈ కస్టమరు ఉన్నారా చూడు, లేకపోతే కొత్తగా రాసుకో, వివరాలు మార్చు, పేరు తీసెయ్ అని ఆ చీటీలు నాలుగు రకాలు. ఆ కిటికీని ఏపీఐ అంటారు. కట్టింది నేనే. కట్టిన రోజు పనిచేస్తుందో లేదో చూడ్డానికి మొట్టమొదటి కస్టమరుగా నీ పేరే రాశాను. నీ పేరు, మన వీధి, మన ఫోను నంబరు. ముచ్చటేసి తర్వాత కూడా తీసెయ్యలేదు.

కొన్నాళ్ళకి జాబితా కలగాపులగం అయిపోయింది. ఒకే మనిషి పద్మ అని ఒకసారి, పద్మావతి అని ఒకసారి, పి. పద్మ అని ఇంకోసారి. మా మేనేజరు విజయవాడ ఆయన. అందరి ముందూ నన్ను అడిగాడు.

"ఫోను నంబరు ఒకటైతే మనిషి ఒకటే అనుకోవచ్చా? నువ్వు ఆ వైపువాడివేగా, చెప్పు."

నాకు తెలీదా అక్కా? మన ఇంటికి ఫోను వచ్చిందే గాని అది వీధంతటికీ ఫోను. కువైట్ నుంచి ఎవరికి వచ్చినా నువ్వే ఎత్తి, గుమ్మంలోకి వచ్చి పేరు పెట్టి కేకేస్తావు. ఆ మాట చెబితే అయిపోయేది. చెప్పలేకపోయాను. ఈ ఉద్యోగంలో చేరిన రోజు, మనకి ఇంకా ఫోను రాలేదు, ఫారంలో రేవు దగ్గర కిళ్ళీకొట్టు నంబరు రాసి పక్కన పీపీ అని పెట్టాను. అదేంటని అడిగారు. "పక్కవాళ్ళ ఫోనండి, పిలవమంటే పిలుస్తారండి" అన్నాను. పడీ పడీ నవ్వారు. కొట్టు కట్టేస్తే మీ ఊరంతా చచ్చిపోయినట్టేనా అన్నాడొకడు. ఏడాది పాటు ఆఫీసులో నా పేరు పీపీ. మళ్ళీ ఆ మాట ఎత్తడం నా వల్ల కాలేదు. "ఆయ్, ఇంటికో నంబరు ఉంటుందండి" అన్నాను.

ఆ మాట మీదే రూలు రాశాను. నంబరు ఒకటైతే అందరినీ ఒక్కరిలో కలిపెయ్యడం, అన్నిట్లో పాత పేరు ఉంచి మిగతావి చెరిపెయ్యడం. మన వీధి నుంచి వెళ్ళినవాళ్ళంతా ఇంటి నంబరని మనదే ఇచ్చారు, దాని మీద పదిహేడు పేర్లున్నాయి. పదహారు పోయాయి. నువ్వు మిగిలావు. ఏ బిడ్డకి ఏది పంపినా నీ పేరు మీదే వచ్చింది. 'ప్రేమతో అమ్మ' అని వాళ్ళు రాయించుకున్న మాటలు కూడా ఆ పేర్లతోనే కొట్టుకుపోయాయి. పెట్టె మీద మిగిలింది మా కంపెనీ పేరు ఒక్కటే, నువ్వేమో నేను పంపాననుకున్నావు.

మొట్టమొదటి పెట్టె అందాక నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. "తమ్ముడూ, గౌను అందిందిరా. మేనమామంటే నువ్వే. కాకపోతే జ్యోతికి పొట్టి అయింది, కోడలి కొలత మర్చిపోయావేంట్రా? కింద లేసు అల్లి వేశాను, ఇప్పుడు మోకాళ్ళు దిగింది. వీధిలో అందరికీ చూపించాను." అది చదివిన రోజే డబ్బు కట్టిన రసీదుల్లో వెతికాను. గౌను కొన్నది మన ఎదురింటి సత్యవతి. మూడేళ్ళ కిందట కూతురు దుర్గని అత్తగారి దగ్గర వదిలి కువైట్ వెళ్ళిందే, ఆ సత్యవతి. దుర్గ పుట్టినరోజుకని పంపింది.

ఆ రోజే నీకు రాయాల్సింది, రాయలేదు. ఇక్కడ నన్ను చూసి ముక్కు మూసుకునేవాళ్ళే గాని మెచ్చుకునేవాళ్ళు లేరు. నువ్వు మెచ్చుకున్నావు. అది వదులుకోబుద్ధి కాలేదు. నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది, అయినా నోరు మూసుకున్నాను.

అయితే ఒక మాట అడుగుతాను అక్కా, కోపం తెచ్చుకో, తెచ్చుకోకపో. నీకు నిజంగా అనుమానం రాలేదా? ఒక పెట్టెలో మగపిల్లాడి చెప్పులు వచ్చాయి. మనింట్లో మగపిల్లాడు ఉన్నాడా? "పొరపాటున పంపినట్టున్నావు, ఆడపడుచు కొడుక్కి ఇచ్చేశాను" అని రాశావు. సత్యవతి ఫోను చేసిన సంగతి కూడా నువ్వే రాశావు. దుర్గని కేకేసి పిలిచావు, పక్కనే నిలబడ్డావు. "ఏ గౌను? నాకేం రాలేదమ్మా" అని అది ఫోన్లో అంటుంటే విన్నావు. విని, ఫోను పెట్టేశాక దానితో ఏమన్నావో గొప్పగా రాశావు. "మీ అమ్మకి అక్కడ సుఖం మరిగి నీ ఊసే పట్టట్లేదే, ఇక్కడున్నోళ్ళని చూసుకో" అన్నావట. అది ఏడ్చుకుంటూ పోయిందట. ఆ పూట జ్యోతి ఒంటి మీద ఏ గౌనుందో మాత్రం రాయలేదు.

నువ్వు అంత చేస్తే నేను ఇంకా చేశాను. సత్యవతి గౌను అందలేదని కంపెనీకి రాసింది. జవాబు రాయమని నాకే ఇచ్చారు. 'మీ పార్సిలు అందినది, అందుకున్నవారి సంతకం మా దగ్గర ఉన్నది' అని రాశాను. ఎవరి సంతకమో రాయలేదు. సంతకం ఉందంటే అత్తగారే తీసుకుని అమ్ముకుందనుకుంది ఆ పిచ్చిది. ఊళ్ళో ఉన్న మొగుడికి చెప్పింది. వాడు తాగొచ్చి ముసలమ్మని వీధిలోకి ఈడ్చి దొంగముండా అని తిట్టాడని కూడా నీ ఉత్తరంలోనే చదివాను. మనింటి ముందే జరిగిందన్నావు. తమాషా చూసినట్టు రాశావు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం కువైట్ కొట్టు నుంచి ఒక చీటీ వచ్చింది. పేరు తీసెయ్ అనే చీటీ. ఎందుకు తీసెయ్యమంటున్నారో రాసే చోట సత్యవతి ఇలా రాయించింది: 'నాన్నమ్మని దొంగని చేశానని మా పాప నాతో మాట్లాడ్డం మానేసింది. ఫోను దగ్గరికి రమ్మన్నా రావటం లేదు. ఇంక నాకు పంపడానికి ఎవరూ లేరు.' అది చదివాను. చదివి, రసీదుల్లో మిగిలిన ఆ పేరు కూడా తీసేశాను. పక్క సీటువాడు టీకి రమ్మంటే వెళ్ళి తాగొచ్చాను కూడా.

ఇప్పుడు ఆ గౌను ఎవరు ఎవరికి పంపారో ఏ కంప్యూటర్లోనూ లేదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే, నువ్వూ నేనూ. రూలు మాత్రం ఎవరికీ చెప్పకుండా మార్చేశాను. మేనేజరుకి చెబితే ఉద్యోగం ఊడుతుంది. నాకంత ధైర్యం లేదు, నీ దగ్గర దాచడం దేనికి. అందుకని చెయ్యాల్సింది నీ నెత్తిన పెడుతున్నాను. నన్ను ఎంతైనా తిట్టు. గౌను తీసుకుని ఎదురింటికి వెళ్ళు. ముసలమ్మ కాళ్ళు పట్టుకో. దుర్గ చేతికి గౌను ఇచ్చి వాళ్ళమ్మ పంపిందని చెప్పు. సత్యవతికి మన ఫోను నుంచే ఫోను చేసి దుర్గ చేత మాట్లాడించు. తర్వాత అరుగు మీద కూర్చుని, నా గొప్పలు చదివినంత గట్టిగా ఈ ఉత్తరం కూడా చదువు. నేను ఎంత వెధవనో వీధంతా విననీ. నువ్వు కాస్త తల వంచుకోవాల్సొస్తుంది. దుర్గ ఎనిమిది నెలలు వంచుకుంది.

బావకి, మన వీధి పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు. జ్యోతిని ఏమీ అనకు, దాని తప్పేం లేదు. ప్రతిసారీ నీ దీవెన అడుగుతాను, ఈసారి అడగను. ముసలమ్మ నన్ను ఏమని తిడుతుందో అది రాసి పంపు, చాలు. నా గురించి బెంగ పెట్టుకోకు.

నువ్వు పెంచిన తమ్ముడు,
సూరిబాబు

తా.క. గౌను ఇచ్చే ముందు నువ్వు వేసిన లేసు విప్పెయ్యమని రాద్దామనుకున్నాను. అది పొట్టి గౌను కాదక్కా, దుర్గ కొలత. మూడేళ్ళు కంటితో చూడకపోయినా వాళ్ళమ్మ సరిగ్గానే రాసింది. కానీ విప్పకు. ఎనిమిది నెలలైంది, ఈపాటికి దుర్గ కూడా ఎదిగి ఉంటుంది.